పెద్ద చదువు, చిన్న జీతం, ఒక కొట్టు

అమెరికాలో అరటిపళ్ళు తూకానికి అమ్ముతారు, పౌను ఇంత అని. డజన్ల లెక్కన కొనే ఊళ్ళోంచి వచ్చినవాడికి మొదటి వారంలోనే ఎదురయ్యే చిన్న వింత ఇది. నేను 2011లో అరిజోనాలో ఎమ్మెస్‌లో చేరాను. నలుగురం కలిసి ఉన్న అపార్ట్‌మెంటు నుంచి బస్సులో వెళ్ళగలిగే దూరంలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్, ఒక ఇండియన్ స్టోర్, ఒక ట్రేడర్ జోస్ ఉండేవి. ఈ మూడో షాపులో మాత్రం అరటిపళ్ళు లెక్కకి అమ్మేవాళ్ళు. పండు 19 సెంట్లు.

మా రూమ్మేట్ ఒకడు, వరంగల్ వాడు, ఫోన్లో కాలిక్యులేటర్ తీసి లెక్కేశాడు. "ఏమున్నదిరా ఇండ్ల? పౌను లెక్కన చూస్తే ఆడ ఈడ ఒక్కటే." వాడి లెక్క తప్పు కాదు. అయినా నేను రెండు బస్సులు మారి అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఎందుకో చాలాకాలం నాకే తెలీదు.

ఆ షాపు ఎందుకు నచ్చుతుందని ఎవర్ని అడిగినా దాదాపు ఒకే జవాబులు వస్తాయి. హవాయి చొక్కాలు వేసుకుని నవ్వుతూ మాట్లాడే మనుషులు, చేత్తో రాసిన ధరల బోర్డులు, ఇంకెక్కడా దొరకని వింత వస్తువులు, ఆ వింతకి తగని తక్కువ ధరలు. అన్నీ నిజమే. కానీ ఇవన్నీ లోపలికి అడుగుపెట్టాక కనిపించేవి. ఆ షాపు అసలు ఎవరి కోసం పుట్టిందో చదివాక నాకు కొంచెం సిగ్గేసింది. అది నా కోసమే పుట్టింది. నేను పుట్టడానికి ఇరవయ్యేళ్ళ ముందే నాలాంటివాణ్ణి ఊహించి, కొలతలు తీసుకుని కట్టిన కొట్టు అది.

ముందు అరటిపండు సంగతి చెప్పేస్తాను. ట్రేడర్ జోస్ కౌంటర్ల దగ్గర తూకం మిషన్లు ఉండవు. అందుకని ఒకప్పుడు అరటిపళ్ళని ముందే తూచి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్మేవాళ్ళట. చాలాకాలం ఆ కంపెనీని నడిపిన డాన్ బేన్ చెప్పిన కథ ఇది. అరిజోనాలోనే సన్ సిటీ అని రిటైరైనవాళ్ళ ఊరొకటి ఉంది. అక్కడి షాపులో ఒక పెద్దావిడ నాలుగు పళ్ళ సంచిని ఎగాదిగా చూసి మళ్ళీ అక్కడే పెట్టేసింది. ఎందుకమ్మా అంటే, నాలుగో పండు తినేదాకా బతుకుతానో లేదో బాబూ అందట. మర్నాటికల్లా విడిపళ్ళు అమ్మాలని నిర్ణయించారు. ఆ 19 సెంట్ల ధర ఇరవయ్యేళ్ళకి పైగా కదల్లేదు. 2024లో 23 అయితే, ఆ నాలుగు సెంట్లు పత్రికల్లో పెద్ద వార్త.

ఇంత మంచి కథ ఉన్న కంపెనీని చూస్తే నాకు కొంచెం అనుమానం. అందుకే వెనక్కి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను.

జో కులోమ్ 1930లో శాన్ డియేగోలో పుట్టాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్, ఆ తర్వాత అక్కడే ఎంబీఏ. రెక్సాల్ అనే మందుల షాపుల కంపెనీ గొడుగు కింద ఉద్యోగం. 1958లో వాళ్ళు అతనికొక పని అప్పజెప్పారు. టెక్సస్‌లో సెవెన్-ఇలెవెన్ అనే చిన్న కొట్లు బాగా నడుస్తున్నాయి, అలాంటివి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పెట్టి చూడమన్నారు. ప్రాంటో మార్కెట్స్ అని పేరుపెట్టి మొదలెట్టాడు. కొన్నేళ్ళకి రెక్సాల్‌వాళ్ళు మనసు మార్చుకుని వాటిని వదిలించుకోమన్నారు. వదిలించుకునే బదులు అప్పు చేసి తనే కొనుక్కున్నాడు.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. 1960ల మధ్యలో సెవెన్-ఇలెవెన్ యజమాని సౌత్‌ల్యాండ్ కంపెనీ కాలిఫోర్నియాలోకే దిగింది. అది చాలదన్నట్టు, కులోమ్‌కి పాలు సరఫరా చేస్తూ అప్పు కూడా ఇస్తున్న అడోర్ డెయిరీని ఆ కంపెనీయే కొనేసింది. ఎవర్ని చూసి కొట్టు పెట్టాడో వాళ్ళే ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చేబదులిచ్చే చెయ్యి కూడా వాళ్ళదే అయిపోయింది. డబ్బుతో వాళ్ళని గెలవలేడు. వాళ్ళు పట్టించుకోని మనుషులెవరైనా ఉన్నారా అని వెతుక్కోవాలి.

ఇక్కడే ఈ కథ నాకు ఇష్టమైన మలుపు తిరుగుతుంది. కులోమ్ ఆ మనుషుల్ని పత్రికల్లో వెతికాడు. సైంటిఫిక్ అమెరికన్‌లో వచ్చిన ఒక వ్యాసం అతని కంటపడింది. కాలేజీకి వెళ్ళే అర్హత ఉన్నవాళ్ళలో 60 శాతం మంది ఇప్పుడు నిజంగానే వెళుతున్నారని దాని సారాంశం. 1930ల మాంద్యం రోజులతో పోలిస్తే ఊహకందని మార్పు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి 1944 చట్టం చదువుకునే డబ్బివ్వడం దీనికి పెద్ద కారణం. ఇంకో వార్త బోయింగ్ 747 గురించి. ఆ పెద్ద విమానం వస్తే విదేశీ ప్రయాణం మామూలు మనుషులకి కూడా అందుతుందని.

ఈ రెండు వార్తలూ లక్షలమంది చదివే ఉంటారు. కులోమ్ వాటిని పక్కపక్కన పెట్టాడు. చదువుకున్నవాళ్ళు పెరుగుతున్నారు, ఊళ్ళు తిరిగొచ్చేవాళ్ళు పెరగబోతున్నారు. ఈ మనుషులకి మామూలు సూపర్‌మార్కెట్‌లోని మైదాపిండి లాంటి బ్రెడ్డూ, రబ్బరు లాంటి చీజూ ఇక రుచించవు. కానీ చదువు పెరిగినంతగా జీతం పెరగదు. పెద్ద చదువు, చిన్న జీతం: తన ఖాతాదారుని అతను ఇలాగే నిర్వచించుకున్నాడు. ఉదాహరణలు కూడా అతనే చెప్పేవాడు. శాస్త్రీయ సంగీత విద్వాంసులు, మ్యూజియం ఉద్యోగులు, పత్రికల్లో రాసేవాళ్ళు. (వెబ్ పత్రికలో కిరాణా కొట్టు చరిత్ర చదువుతున్న మీరెవరో కూడా అతనికి తెలుసన్నమాట.)

మొదటి ట్రేడర్ జోస్ 1967 ఆగస్టులో పాసడీనాలో ఆరోయో పార్క్‌వే మీద తెరిచారు. పాసడీనా అంటే కాల్‌టెక్ ఉన్న ఊరు, పక్కనే రాకెట్ల పరిశోధన జరిగే జేపీఎల్. ఆ కొట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. పేరు, చొక్కాలు, ఓడ మీదలాగా మేనేజర్‌ని కెప్టెన్ అనీ మిగతావాళ్ళని మేట్, క్రూ అనీ పిలవడం, ఇదంతా దక్షిణ సముద్రాల గురించి అప్పట్లో అమెరికన్లకున్న మోజులోంచి వచ్చింది. ట్రేడర్ విక్స్ అనే హవాయి తరహా రెస్టారెంట్లు, డిస్నీలాండ్‌లో అడవి మధ్య పడవ ప్రయాణం లాంటివన్నీ కలిపి కట్టిన సెట్టింగు. విమానం టికెట్ కొనలేని లెక్చరర్‌కి కొట్టులోనే సముద్రయానం. ఆ మోజులో వలస పాలకుల కంటితో చూసిన ద్వీపాలు ఉన్నాయన్న సంగతి అప్పుడెవరికీ పట్టలేదు.

అయితే మొదటిరోజు నుంచీ ఇప్పుడు మనకి తెలిసిన షాపు కాదది. అప్పట్లో ఎక్కువగా మందు, వైన్ అమ్మే కొట్టు. 1970 సెప్టెంబర్‌లో సైంటిఫిక్ అమెరికన్ జీవావరణం మీద ఒక ప్రత్యేక సంచిక వేసింది. అది చదివి కులోమ్ పర్యావరణం మతం పుచ్చుకున్నాడు. గింజలు, తవుడు తీయని ధాన్యాలు, విటమిన్లు వైన్ సీసాల పక్కకి చేరాయి. 1972లో సొంత పేరుతో మొదటి సరుకు, గ్రనోలా, వచ్చింది. ఒక కిరాణా కొట్టు ఒకే పత్రిక వల్ల రెండుసార్లు దారి మార్చుకోవడం నేనింకెక్కడా వినలేదు.

ఇంతవరకూ ఊహ. ఊహతో కొట్టు నడవదు. ధర తగ్గాలంటే ఇంకేదో కావాలి. దానికి కులోమ్ గుడ్ల దగ్గర దొరికిన పాఠం వాడుకున్నాడు.

ప్రాంటో రోజుల్లోనే ఒక గుడ్ల వ్యాపారి అతని దగ్గరికి వచ్చాడు. బాగా పెద్ద గుడ్లు కొన్ని మిగిలిపోయాయి, తీసుకుంటావా అన్నాడు. అమెరికాలో గుడ్ల సైజుకి కట్టుదిట్టమైన కొలతలున్నాయి. 'లార్జ్' డజను కనీసం 24 ఔన్సులు తూగాలి, 'ఎక్స్‌ట్రా లార్జ్' 27. అంటే పన్నెండు శాతం ఎక్కువ గుడ్డు. పెద్ద సూపర్‌మార్కెట్లకి ఇవి అక్కర్లేదు. ఎందుకంటే వాళ్ళు పేపర్లో ప్రకటన వేస్తే వందల షాపుల్లో సరుకుండాలి, అంత సరుకు ఆ వ్యాపారి దగ్గర లేదు. కులోమ్ దగ్గర ఉన్నవి గుప్పెడు షాపులు. పెద్ద గుడ్లని మామూలు లార్జ్ ధరకే అమ్మాడు. పెద్దవాళ్ళు కొనలేనంత చిన్న మొత్తాల్లో ప్రపంచంలో ఎంత మంచి సరుకు పడివుందో అతనికి అర్థమైంది. చిన్నగా ఉండటమే అతని బలం. ఉన్నన్నాళ్ళు అమ్ముతాం, అయిపోతే అయిపోయినట్టే. ఆ షాపులో ఇష్టమైన వస్తువు ఒక రోజు హఠాత్తుగా మాయమైపోతుందని జనం చెప్పుకునే బాధకీ, ఆ వస్తువు అంత చవగ్గా రావడానికీ మూలం ఈ గుడ్లలోనే ఉంది.

తర్వాత దీన్నే ఒక పద్ధతిగా మార్చాడు. ఏ వస్తువైనా అరలోకి ఎక్కాలంటే నాలుగు పరీక్షలు: తక్కువ చోటులో ఎక్కువ విలువుండాలి, త్వరగా వాడి మళ్ళీ కొనేదై ఉండాలి, ఎత్తడం దించడం తేలిక కావాలి, ధరలోనో రకాల్లోనో తాము మిగతావాళ్ళ కన్నా పైనుండగలగాలి. నెగ్గనివి బయటికి. అందుకే మామూలు సూపర్‌మార్కెట్‌లో ముప్ఫై వేల పైచిలుకు రకాలుంటే ఇక్కడ నాలుగు వేల దగ్గరే ఆగుతారు. అందులో ఎక్కువ భాగం సొంత పేరుతోనే. ఇంకో సంగతి అమెరికా బయట చాలామందికి తెలీదు: ఇక్కడి పెద్ద షాపులు అరలో చోటిచ్చినందుకు కంపెనీల దగ్గర అద్దె లాంటి ఫీజు వసూలు చేస్తాయి. ట్రేడర్ జోస్ అది తీసుకోనంటుంది. కూపన్లు లేవు, మెంబర్‌షిప్ కార్డులు లేవు, వారం వారం తగ్గింపులు లేవు. రోజుకి ఐదొందల మీటింగుల కంపెనీల్లో పనిచేసే నాకు ఇన్ని 'లేవు'లు చూస్తే అసూయ. ఫలితం? 2010లో ఫార్చ్యూన్ పత్రిక వేసిన అంచనా ప్రకారం చదరపు అడుగుకి 1,750 డాలర్ల అమ్మకం, హోల్ ఫుడ్స్‌కి రెట్టింపు కన్నా ఎక్కువ.

రకాలు తక్కువైతే జనం ఎక్కువ కొంటారనే మాట దగ్గర అందరూ జామ్ ప్రయోగాన్ని తీస్తారు. 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ ప్రచురించింది. బల్ల మీద 24 రకాల జామ్ పెడితే ఆగి చూసినవాళ్ళలో 3 శాతం కొన్నారు, 6 రకాలు పెడితే 30 శాతం. అందమైన ఫలితం. కానీ పదేళ్ళ తర్వాత అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే సగటు ప్రభావం సున్నా దగ్గర తేలింది. కాబట్టి నేను దాన్నంత నమ్మను. నా అనుభవం వేరు. ఇక్కడ వేరుశనగ వెన్న రకాలు తక్కువున్నాయని ఊరట కలగలేదు. నా తరఫున ఎవరో ముందే రుచి చూసి, పనికిరానివి తీసేశారన్న నమ్మకం కలిగింది. తగ్గించినందుకు కాదు, ఏరినందుకు.

ఏరినవాడు ఎందుకు ఏరాడో చెబుతాడు కూడా. ఫియర్‌లెస్ ఫ్లయర్ అని షాపు గుమ్మం దగ్గర ఒక కరపత్రం ఉంటుంది. 1960ల చివర్లో వైన్ గురించిన చిన్న నివేదికగా మొదలై, తిండి నివేదికయి, చివరికి ఈ పేరుతో స్థిరపడింది. కన్స్యూమర్ రిపోర్ట్స్‌నీ మ్యాడ్ పత్రికనీ కలిపినట్టుండాలన్నది కులోమ్ ఉద్దేశం. బొమ్మలన్నీ విక్టోరియా కాలపు పాత చెక్కడాలు. టోపీలు పెట్టుకున్న దొరలు, పొడుగు గౌన్ల దొరసానులు. ఏదో అభిరుచి అనుకునేవాణ్ణి. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఊరికే వస్తాయని వాడాడట! ఆ కొట్టులో వింతగా కనిపించే చాలా వాటికి అడుగున ఇలాంటి పైసల లెక్కే ఉంటుంది. లాస్ ఏంజెలెస్ శాస్త్రీయ సంగీత రేడియోలో ప్రకటనలు తన గొంతుతో తనే చదివేవాడు. వినేవాళ్ళు తక్కువే కానీ, వినేవాళ్ళంతా అతనికి కావాల్సినవాళ్ళే.

పేర్లు చూడండి. అంజీరు బిస్కట్లకి 'సర్ ఐజాక్ న్యూటన్స్'. బ్రౌనీలకి, బాఖ్ సంగీతాన్ని గుర్తుచేస్తూ, 'బ్రాండెన్‌బర్గ్ బ్రౌనీస్'. రకరకాల గింజలు కలగలిపిన కాఫీకి హైజెన్‌బర్గ్ అనిశ్చిత సూత్రం పేరు. ఈ జోకు అర్థం కావాలంటే ఫిజిక్స్ చదివుండాలి. అర్థమైన మరుక్షణం, కాఫీ కొన్న సంతోషం కన్నా నేను చదువుకున్నవాణ్ణి అన్న సంతోషం ముందొస్తుంది. చదువుకున్నవాడి పొగరుని ఇంత చవగ్గా, ఇంత మర్యాదగా దువ్విన వ్యాపారి ఇంకొకడు లేడు.

ఈ దువ్వడం నాకు కొత్త కాదు. మా నాన్న తెనాలిలో జూనియర్ కాలేజీ హిస్టరీ లెక్చరర్. పెద్ద చదువు, చిన్న జీతం అన్న మాట చదవగానే నాకు కాల్‌టెక్ ప్రొఫెసర్లు కాదు, ఆయన గుర్తొచ్చారు. మా ఇంట్లో రెండు గోడల బీరువాల నిండా సోవియట్ పుస్తకాలుండేవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, మాస్కోలో తెలుగులోకి అనువాదమై అక్కడే అచ్చయినవి, కొన్ని రూపాయల్లో విశాలాంధ్ర పుస్తకాల షాపులో దొరికేవి. దూరదేశపు సరుకు, లెక్చరర్ జేబుకి అందే ధర, అయిపోతే మళ్ళీ వస్తుందన్న హామీ లేదు. విజయవాడ వెళ్ళొచ్చిన ప్రతిసారీ సంచిలో ఏముందో అమ్మకి ముందే తెలిసిపోయేది. "కందిపప్పు తెమ్మంటే కారు చవగ్గా వచ్చిందని కజకిస్తాన్ కథలు తెచ్చారు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. 1991 తర్వాత ఆ సరఫరా ఆగిపోయింది. ఇక్కడ ధర వెనక ఉన్నది ఒక దేశపు రాజకీయం, అక్కడ ఉన్నది ఒక వ్యాపారి లెక్క. పోలిక ఆ గుమ్మం దాకానే. కానీ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం ఒకడే. ఆ కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు అరిజోనాలో ఏ కొట్టుకి వెళతాడో చెప్పడానికి పెద్ద సర్వే అక్కర్లేదు.

ఈ ఆకర్షణ ఎంత దూరం వెళుతుందో చెప్పే కథ కెనడాలో జరిగింది. ట్రేడర్ జోస్ ఆ దేశంలో లేదు. వాంకూవర్‌లో మైక్ హలట్ అనే ఆయన, సరిహద్దు దాటి అమెరికా ఊరు బెల్లింగ్‌హామ్ వెళ్ళి, అక్కడి ట్రేడర్ జోస్‌లో డబ్బు పెట్టి కొని, వ్యానులో వేసుకొచ్చి ఎక్కువ ధరకి అమ్మాడు. 2012లో పెట్టిన ఆ కొట్టు పేరు పైరేట్ జోస్. అంటే దొంగతనం లేదు, పూర్తి రిటైల్ ధర ఇచ్చి కొన్న సరుకే. కంపెనీ 2013లో కేసు వేసింది. బోర్డులో మొదటి అక్షరం పీకేసి, మండిపడుతున్న జో అనే అర్థం వచ్చేలా 'ఐరేట్ జోస్' అని నడిపాడు. షాపుల్లో అతన్ని గుర్తుపట్టి అమ్మనంటే వేషాలు మార్చుకుని వెళ్ళేవాడు, మనుషుల్ని పెట్టి కొనిపించేవాడు. 2017లో మూసేశాడు. ఒక కిరాణా కొట్టు తన దగ్గర లక్షల సరుకు కొన్న ఖాతాదారుడి మీద కోర్టుకెక్కడం చూస్తే, వాళ్ళు అమ్మేది కేవలం సరుకు కాదని వాళ్ళకే బాగా తెలుసనిపిస్తుంది.

1979లో కులోమ్ కంపెనీని జర్మనీకి చెందిన థియో ఆల్‌బ్రెక్ట్‌కి అమ్మేశాడు. ఆల్డి షాపుల అన్నదమ్ముల్లో తమ్ముడు. ఎసెన్‌లో తల్లి నడిపిన చిన్న కొట్టు నుంచి ఎదిగిన కార్ల్, థియో 1960ల మొదట్లో వ్యాపారం పంచుకున్నారు, సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న గొడవతో అని చెబుతారు. 1971లో థియోని ఎత్తుకెళ్ళి 17 రోజులు బంధించి 70 లక్షల మార్కులు తీసుకుని వదిలారు. ఆ తర్వాత ఆయన దాదాపు బయటికి కనిపించలేదు. అమెరికాలో ఆల్డి అన్న పేరు అన్నగారి వాటా, ట్రేడర్ జోస్ తమ్ముడి వాటా. పక్కపక్క వీధుల్లో ఆ రెండు బోర్డులు చూసినప్పుడల్లా నాకు మన పంపకాల తగాదాలు గుర్తొస్తాయి. కులోమ్ 1988 దాకా నడిపి తప్పుకున్నాడు. కాలేజీ స్నేహితుడు జాన్ షీల్డ్స్ చేతికొచ్చాక, 1993లో అరిజోనాకి, 1996లో బోస్టన్‌కి, ఆపైన దేశమంతా పాకింది. చిన్నగా ఉండటమే బలమన్న సూత్రం పక్కకి జరిగింది. 2002లో 1.99 డాలర్లకి అమ్మిన చార్ల్స్ షా వైన్ కొద్దిగా మిగిలిపోయిన సరుకు కాదు, బ్రాంకో కంపెనీ భారీ ఎత్తున తయారుచేసింది.

నేను చివరిదాకా వాయిదా వేస్తూ వచ్చిన విషయం కౌంటర్లో మాటలు. అరిజోనాలో మొదటి శీతాకాలం, సెలవులకి రూమ్మేట్లు ఊళ్ళు వెళ్ళిపోయాక, రెండు రోజులు నా గొంతు నాకే వినిపించలేదు. అప్పుడా కొట్టుకి వెళితే బిల్లు వేస్తున్న కుర్రాడు నా బుట్టలో పాలక్ పనీర్ డబ్బా చూసి, మీ అమ్మ వండేది ఇలాగే ఉంటుందా అని అడిగాడు. మా అమ్మ జన్మలో పనీర్ వండలేదు. అదే చెప్పాను. ఐదు నిమిషాలు గోంగూర గురించి మాట్లాడాను. వెనక లైన్లో ఎవరూ విసుక్కోలేదు. ఆ మాటలు కలపడం వాళ్ళ పనిలో భాగమని చాలా తర్వాత చదివాను. చదివిన రోజు కొంచెం బాధేసింది. తర్వాత మా వీధి శెట్టిగారు గుర్తొచ్చారు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని ప్రతి వారం అడిగే ఆయన, అది వ్యాపారం కోసం అడిగేవారా, మనిషిగా అడిగేవారా? ఆ రెండూ విడదీయొచ్చని ఆయనకి తోచి ఉండదు.

కులోమ్‌కి మాత్రం ఆ లెక్క కూడా తెలుసు. మొదట్నించీ అతని నియమం ఒకటుంది. పూర్తికాలం పనిచేసే ఉద్యోగి సంపాదన కాలిఫోర్నియాలో మధ్యస్థ కుటుంబ ఆదాయానికి తగ్గకూడదు. కిరాణా కొట్టు ఉద్యోగానికి ఇది అసాధారణం. తను తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఇదే ముఖ్యమని తన చనిపోయాక 2021లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నాడు (అతను పోయింది 2020 ఫిబ్రవరిలో). ఎక్కువ జీతమిస్తే మనిషి మానెయ్యడు, మానెయ్యని మనిషికి సరుకు తెలుస్తుంది, సరుకు తెలిసినవాడు మాట్లాడగలడు. నవ్వుకి కూడా ఖర్చుంటుందని ఒప్పుకుని, ఆ ఖర్చు పుస్తకంలో రాసుకున్నాడు. జో కొట్టులో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, చొక్కాలూ కరపత్రాలూ దీని తర్వాతే.

అందుకే 2022 జులైలో మాసచూసెట్స్‌లోని హాడ్లీ షాపు ఉద్యోగులు 45-31 ఓట్లతో యూనియన్ పెట్టుకున్నప్పుడు దాన్ని మామూలు కార్మిక వార్తగా చదవలేకపోయాను. రిటైర్‌మెంట్ కోసం కంపెనీ ఇచ్చే వాటా తగ్గుతూ వచ్చిందని, భద్రత చాలదని వాళ్ళ ఫిర్యాదు. మొత్తం ట్రేడర్ జోస్‌లో అదే మొదటి యూనియన్. 2024 జనవరిలో ఒక విచారణలో కంపెనీ లాయరు, కార్మిక సంబంధాలు చూసే జాతీయ బోర్డు నిర్మాణమే రాజ్యాంగ విరుద్ధమని వాదించాడు. పాత చిల్లర కొట్టు వేషంలో ఉన్న పెద్ద కంపెనీ ఆ పూట వేషం తీసేసింది. 2020లో మెక్సికన్ సరుకు మీద 'ట్రేడర్ హోసే', చైనా సరుకు మీద 'ట్రేడర్ మింగ్స్' అని రాయడం తప్పని ఒక అమ్మాయి పిటిషన్ పెట్టినప్పుడు కూడా, ముందు మారుస్తామని, తర్వాత ఇవి జాత్యహంకారం కాదని మాట మార్చారు. ఆ సరదా పేర్లు ఎవరి కళ్ళతో చూసినవో ఆ పెద్ద చదువుల ఖాతాదారులకి తోచడానికి యాభై ఏళ్ళు పట్టింది. నాకూ తోచలేదు. పాలక్ పనీర్ తెచ్చుకుని తిన్నాను.

2019లో నాన్న మా దగ్గరికి వచ్చారు. అప్పటికి నేను కాలిఫోర్నియాకి మారాను. పాసడీనాలో మ్యూజియం చూపించి, వచ్చేదారిలో ఆరోయో పార్క్‌వే కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన గుమ్మం దగ్గరే ఫ్లయర్ తీసుకుని, బొమ్మలు చూసి, ఇదేదో పాత పుస్తకంలోది కదరా అన్నారు. ఒక్కో డబ్బా తీసి వెనకున్నదంతా చదివి మళ్ళీ జాగ్రత్తగా అదే చోట పెట్టారు. అరటిపళ్ళ దగ్గర ఆగారు.

"డజను ఎంతరా?"

"డజన్లు లేవు నాన్నా. పండు పంతొమ్మిది సెంట్లు."

"రెండు డాలర్ల ఇరవయ్యెనిమిది" అన్నారు వెంటనే. దాన్ని రూపాయల్లోకి మార్చి, మౌనంగా ఉండిపోయి, చివరికి పన్నెండు కోసి బుట్టలో పెట్టారు. కౌంటర్లో పువ్వుల చొక్కా వేసుకున్న పెద్దాయన, దాదాపు నాన్న వయసువాడు, పళ్ళు లెక్కపెడుతుంటే నాన్న నావైపు తిరిగి, "డజను కొన్నాం, కొసరు వెయ్యడా?" అన్నారు.

ఆయనేమంటున్నారని పెద్దాయన నన్ను అడిగాడు. కొసరుని ఇంగ్లీషులో ఏమంటారో తెలీలేదు. మీ కొట్టు నచ్చిందంటున్నారని చెప్పాను.